పర్లాకిమిడిలో రసాయన సమీకరణాల వేసవి తరగతి: తల్లిదండ్రుల కోసం ఒక సమీక్ష

పర్లాకిమిడిలో పదో తరగతికి వచ్చే పిల్లల కోసం ఉద్యోగ విరమణ చేసిన ఒక కెమిస్ట్రీ లెక్చరర్ గారు ప్రతి వేసవిలోనూ తమ ఇంటి వసారాలో నెల రోజుల తరగతి నడుపుతున్నారు. అక్కడ నేర్పేది ఒకే ఒక అంశం: రసాయన సమీకరణాన్ని తుల్యం చేయడం, అంటే బాణానికి రెండు వైపులా ఒక్కొక్క మూలకం పరమాణువుల సంఖ్య సమానమయ్యేలా ముందు అంకెలు వేయడం. పిల్లలు బ్యాలెన్సింగ్ అని పిలిచే ఈ పనికి పాఠ్యపుస్తకంలో కొద్ది పేజీలే ఉంటాయి కాబట్టి, దానికోసం నెల రోజులు ఎందుకని చాలామంది తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. ఈ వేసవిలో మా అమ్మాయి అక్కడ చదువుకుంది. వెనుక బల్ల మీద పెద్దవాళ్లు కూర్చుని వినడానికి మాస్టారు అభ్యంతరం చెప్పరు కాబట్టి చాలా పాఠాలు నేను కూడా విన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి మూడు వారాల్లో అక్కడ జరిగే బోధన చాలా గొప్పది, కట్టిన రుసుముకు ఎన్నో రెట్లు విలువైనది. చివరి వారంలో చెప్పే అయాన్-ఎలక్ట్రాన్ పద్ధతి (ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోవడాన్ని లెక్కవేసి తుల్యం చేసే పద్ధతి) మాత్రం తొందరలో ముగిసిపోతుంది. దానిమీద ఆశ పెట్టుకుని ఎవరూ పిల్లలను చేర్పించవద్దు.

ఆ ఇంటికి బోర్డు లేదు, తరగతికి పేరు లేదు, కరపత్రాలు వేయరు. ప్యాలెస్ వైపు వెళ్లే దారిలో కెమిస్ట్రీ మాస్టారి ఇల్లని అడిగితే చూపిస్తారు. ఎండలు ముదరక ముందే ముగిసేలా ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు వదిలేస్తారు. నెలకు 700 రూపాయలు. రెండు పూటలు వచ్చి చూశాక నచ్చితేనే డబ్బు కట్టమంటారు.

మన ఊరి పిల్లల చదువు ఒక్క తీరుగా ఉండదన్న సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. పొలిమేర దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో కొందరు ఒడియా మాధ్యమంలో కటక్ బోర్డు మెట్రిక్‌కు చదువుతారు, కొందరు ఇంగ్లీషు మాధ్యమంలో సీబీఎస్ఈకి చదువుతారు, పాతపట్నం వైపు నుంచి సైకిళ్ల మీద వచ్చేవారు ఆంధ్ర బోర్డుకు చదువుతారు. ముగ్గురి పుస్తకాలూ వేరు, సమీకరణం మాత్రం ఒకటే. మాస్టారు బోర్డు మీద సంకేతాలు ఇంగ్లీషులో రాస్తారు, వివరణ తెలుగులో చెబుతారు, ఒడియా బడి పిల్ల ముఖంలో అనుమానం కనిపిస్తే అదే మాట ఒడియాలో మరోసారి చెబుతారు. పిల్లలకు వచ్చిన భాషలోనే చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది ఈ ఊరి రాజావారి పాఠశాలలోనే. అటువంటి ఊరిలో సైన్సు పాఠం ఈ విధంగా సాగడం చూస్తుంటే నాకు ఎంతో సంతోషం కలిగింది.

ఇక అసలు బోధన సంగతి. మొదటి వారంలో సమీకరణం ఊసే ఉండదు. కేవలం సాంకేతికాలు, అంటే ఫార్ములాలు రాయడం నేర్పుతారు. ఇది చూసి కొందరు తల్లిదండ్రులు కంగారు పడ్డారు కానీ, నా దృష్టిలో ఈ తరగతి బలమంతా ఆ వారంలోనే ఉంది. బ్యాలెన్సింగ్ రాదని చెప్పే పిల్లల్లో చాలామందికి నిజానికి రానిది ఫార్ములా. కాల్షియం క్లోరైడులో క్లోరిన్లు రెండని తెలియని పిల్ల సమీకరణంలో ఎంత కుస్తీ పట్టినా లాభం ఉండదు, ఎందుకంటే తప్పుగా రాసిన ఫార్ములాతో కూడా ఒక్కొక్కసారి రెండు వైపులా లెక్క సరిపోతుంది, అప్పుడు తప్పు ఎక్కడుందో ఎవరికీ కనిపించదు. అందువల్ల మాస్టారు వేలన్సీలతో, అంటే ఒక్కొక్కదానికీ ఇతర వాటితో కలిసే శక్తి ఎంతో చెప్పే అంకెలతో మొదలుపెడతారు: సోడియం, పొటాషియం ఒకటి, కాల్షియం, మెగ్నీషియం రెండు, అల్యూమినియం మూడు, ఆక్సైడు రెండు, క్లోరైడు, నైట్రేటు, హైడ్రాక్సైడు ఒకటి, సల్ఫేటు, కార్బొనేటు రెండు, ఫాస్ఫేటు మూడు. వీటిని ఇటుదటు అటుదిటు మార్చి రాసి, రెండు అంకెలనూ ఒకే సంఖ్యతో భాగించగలిగితే భాగించి, అల్యూమినియం సల్ఫేటులో అల్యూమినియం రెండు, సల్ఫేటు మూడు అని పిల్లలే తేల్చేవరకు వదలరు.

ఇనుము దగ్గర ఆయన ప్రత్యేకంగా ఆగుతారు. ఫెర్రస్‌లో ఇనుము వేలన్సీ రెండు, ఫెర్రిక్‌లో మూడు. మరి ఎర్రగా కాలిన ఇనుము మీద నీటి ఆవిరి పంపినప్పుడు వచ్చే ఆక్సైడులో ఇనుము మూడు, ఆక్సిజన్ నాలుగు ఎలా వచ్చాయని మా అమ్మాయే అడిగింది. ఆ మూడింటిలో ఒకటి ఫెర్రస్, రెండు ఫెర్రిక్ అని, రెండూ మూడూ మూడూ కలిపితే ఎనిమిదని, నాలుగు ఆక్సిజన్లకు రెండేసి చొప్పున అదే ఎనిమిదని ఆయన వేళ్ల మీద లెక్కించి చూపించారు. సూత్రానికి లొంగనట్టు కనిపించిన ఫార్ములా కూడా సూత్రానికి లొంగుతుందని తెలిసినప్పుడు పిల్లల కళ్లలో కనిపించిన వెలుగు నేను మరిచిపోలేను.

రెండో వారం గుండీల వారం. టైలరు దుకాణంలో దొరికే చొక్కా గుండీలను దారంతో జతలుగా కట్టి స్టీలు పళ్లాల్లో పోసి ఇస్తారు. తెల్ల గుండీ హైడ్రోజన్, ఎర్ర గుండీ ఆక్సిజన్, నల్లది కార్బన్. వాయువులుగా ఉండే హైడ్రోజన్, ఆక్సిజన్ ఎప్పుడూ జంటగానే ఉంటాయి కాబట్టి ఆ గుండీలు కూడా రెండేసి కలిపి కట్టి ఉంటాయి. నియమం ఒక్కటే: దారం విప్పి మళ్లీ వేరే విధంగా కట్టవచ్చు, కానీ గుండీ పళ్లెం దాటి పోకూడదు, బయటి నుంచి కొత్త గుండీ రాకూడదు. 1789లో ఫ్రాన్సు దేశపు లావోయిజే తన గ్రంథంలో స్పష్టంగా రాసిన ద్రవ్యనిత్యత్వ నియమం పిల్లల చేతుల్లోకి వచ్చేది ఇక్కడే. తెల్ల జత ఒకటి, ఎర్ర జత ఒకటి తీసుకుని నీటి అణువు కట్టమంటే ఒక ఎర్ర గుండీ మిగిలిపోతుంది. దాన్ని ఏం చేయాలన్నది ఆ పూట ప్రశ్న.

పాతపట్నం నుంచి వచ్చే ఒక అబ్బాయి, "మాస్టారూ, ఆ మిగిలిన దాన్ని కూడా నీటికే కట్టేస్తే సరిపోతుంది కదండీ?" అన్నాడు. ఆయన అతణ్ణి ఆపలేదు. "కట్టు బాబూ, కట్టి అదేమిటో చెప్పు" అన్నారు. తెల్లవి రెండు, ఎర్రవి రెండు ఉన్న ఆ కట్టను బోర్డు దగ్గరకు తీసుకువెళ్లి, హెచ్2ఓ పక్కన హెచ్2ఓ2 అని రాసి, ఇది హైడ్రోజన్ పెరాక్సైడు, పుండ్లు కడగడానికి వాడే మందు, దాహం వేస్తే తాగేది కాదు అని వివరించారు. ఫార్ములాలోని దిగువ అంకెను మార్చడం అంటే పదార్థాన్నే మార్చడమని, మనకు స్వేచ్ఛ ఉన్నది ముందు రాసే గుణకం మీద మాత్రమేనని ఆ తర్వాత ఎవరికీ మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. మొదట్లోనే మరో తెల్ల జతను కూడా తీసుకుని ఉంటే రెండు నీటి అణువులు తయారవుతాయి, పళ్లెంలో ఏదీ మిగలదు. జాతీయ పాఠ్యపుస్తకం సమీకరణంలోని ఒక్కొక్క ఫార్ములా చుట్టూ ఒక గడి గీయమని, గడి లోపల ఏదీ మార్చవద్దని చెబుతుంది. ఆ మాట ఎందుకు చెప్పిందో గుండీలు కట్టిన పిల్లలకు వేరే వివరించనక్కర లేదు.

గుండీలతో పెద్ద సమీకరణాలు చేయడం కుదరదు కాబట్టి మూడో వారంలో కాగితం మీదికి వస్తారు. ప్రయత్నించి చూసే పద్ధతి అని పుస్తకాలు చెప్పేదాన్ని చాలా బడులు గుడ్డిగా అంకెలు మార్చి చూడటంగా నేర్పుతాయి. ఇక్కడ దానికి ఒక క్రమం ఇస్తారు. ఎక్కువ మూలకాలున్న అణువుతో మొదలుపెట్టాలి. లోహాలు ముందు, తర్వాత అలోహాలు, తర్వాత హైడ్రోజన్, ఆక్సిజన్ చిట్టచివర. ఒంటరిగా, మూలకం రూపంలోనే ఉన్న పదార్థాన్ని ఆఖరికి వదిలేయాలి, ఎందుకంటే దాని ముందు అంకె ఎంత మార్చినా ఇంకెవరి లెక్కా చెడదు. ఈ చివరి కారణాన్ని పుస్తకాల్లో అరుదుగా చూస్తాం కానీ మొత్తం పద్ధతికి అదే ప్రాణం.

వంటగ్యాసు ఉదాహరణతో ఆయన చెప్పిన తీరును ఇక్కడ వివరంగా రాస్తాను, దాన్ని బట్టి బోధన ఏ స్థాయిలో ఉందో మీరే అంచనా వేసుకోవచ్చు. మన సిలిండర్లలో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. బ్యూటేన్ అణువులో కార్బన్లు నాలుగు, హైడ్రోజన్లు పది. అది ఆక్సిజన్‌తో మండి కార్బన్ డైఆక్సైడు, నీరు ఇస్తుంది. ఎక్కువ మూలకాలు ఎందులో ఉన్నాయని చూస్తే ఆక్సిజన్ తప్ప మిగతా అన్నింటిలోనూ రెండే ఉన్నాయి, అయితే పరమాణువులు ఎక్కువ ఉన్నది బ్యూటేన్‌లో, కాబట్టి దాన్ని ఒకటిగా నిలిపి ఉంచాలి. కార్బన్లు నాలుగు కాబట్టి కుడి వైపు కార్బన్ డైఆక్సైడు ముందు 4; హైడ్రోజన్లు పది కాబట్టి నీటి ముందు 5. ఇప్పుడు కుడి వైపు ఆక్సిజన్లు లెక్కపెడితే కార్బన్ డైఆక్సైడులో ఎనిమిది, నీటిలో ఐదు, మొత్తం పదమూడు. ఎడమ వైపు ఆక్సిజన్ జంటలుగానే వస్తుంది, పదమూడు బేసి సంఖ్య. చాలామంది పిల్లలు ఇక్కడే కలం కింద పెట్టేస్తారు. మాస్టారు మాత్రం ధైర్యంగా ఆరున్నర అని రాయమంటారు, ఆ తర్వాత సమీకరణం మొత్తాన్ని రెండుతో హెచ్చించమంటారు:

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డైఆక్సైడు + 10 నీరు

భిన్నం రాయడం తప్పు కాదని, అది మధ్యలో ఒక మజిలీ మాత్రమేనని, చివరకు పూర్ణాంకాలుగా మార్చితే చాలని ఆయన చెప్పినప్పుడు వెనుక బల్ల మీద కూర్చున్న మాకు కూడా ఊరట కలిగింది. అక్కడితో ఆపకుండా బరువులు, అంటే అణుభారాలు, కూడా చూపించమంటారు. బ్యూటేన్ 58 కాబట్టి రెండు 116, ఆక్సిజన్ 32 కాబట్టి పదమూడు 416, మొత్తం 532. కుడి వైపు కార్బన్ డైఆక్సైడు 44 చొప్పున ఎనిమిది 352, నీరు 18 చొప్పున పది 180, మొత్తం 532. ప్రతి సమీకరణం కింద ఈ బరువుల లెక్క రాస్తే తప్ప నోటుబుక్కు మీద టిక్కు పెట్టరు. ఇది పిల్లలకు శ్రమే, కానీ తమ జవాబు సరైనదో కాదో మాస్టారిని అడగకుండా తామే తేల్చుకునే శక్తి వారికి దీనివల్ల వస్తుంది. ఇంటికి వచ్చాక మా అమ్మాయి ఎవరినీ అడగకుండా ఇనుము, నీటి ఆవిరి సమీకరణానికి బరువులు వేసుకుని చూసింది. మూడు ఇనుములు 168, నాలుగు నీళ్లు 72, కలిపి 240; అటువైపు ఆక్సైడు 232, నాలుగు హైడ్రోజన్ అణువులు 8, కలిపి అదే 240.

నిరుడు మా అక్కయ్య కొడుకు వెళ్లిన ఒక కోచింగ్ కేంద్రంలో పద్ధతి దీనికి పూర్తిగా భిన్నంగా ఉండేది. అక్కడ తుల్యం చేసిన సమీకరణాలను పేజీల కొద్దీ జిరాక్సు తీసి ఇచ్చి కంఠస్థం చేయమన్నారు. ప్రొపేన్ సమీకరణం నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన ఆ పిల్లవాడు, పరీక్షలో బ్యూటేన్ ఇచ్చేసరికి ప్రొపేన్ అంకెలే రాసి వచ్చాడు. అతడు తెలివితక్కువవాడు కాదు. అతనికి దారి చూపించలేదు, అంతే. ఆ కేంద్రం రుసుము ఈ తరగతి రుసుము కంటే చాలా ఎక్కువ అని కూడా చెప్పాలి.

మూడో వారంలోనే వచ్చే మరో మంచి పాఠం కలిసి తిరిగే గుంపుల గురించి. బురద నీటిని తేర్చడానికి పటిక వాడటం మన పెద్దలకు తెలిసిందే. నీటి శుద్ధి కేంద్రాల్లో అల్యూమినియం సల్ఫేటుతో పాటు తడిసున్నం (కాల్షియం హైడ్రాక్సైడు) కలిపినప్పుడు అల్యూమినియం హైడ్రాక్సైడు మెత్తని అవక్షేపంగా ఏర్పడి మురికిని తనతో పాటు కిందికి దించుతుంది. ఈ సమీకరణంలో సల్ఫర్‌ను, ఆక్సిజన్‌ను విడివిడిగా లెక్కపెడితే తల తిరుగుతుంది. సల్ఫేటు గుంపు రెండు వైపులా చెక్కు చెదరకుండా ఉంది కాబట్టి దాన్ని ఒకే వస్తువుగా లెక్కపెట్టమంటారు. సల్ఫేట్లు మూడు, కాబట్టి కాల్షియం సల్ఫేటు ముందు 3. కాల్షియంలు మూడు, కాబట్టి తడిసున్నం ముందు 3. హైడ్రాక్సైడ్లు ఆరు, కాబట్టి అల్యూమినియం హైడ్రాక్సైడు ముందు 2. అంతటితో పని అయిపోయింది. ఆ వెంటనే, ఈ ఉపాయం ఎక్కడ పనికిరాదో కూడా చెప్పడం నాకు మరింత నచ్చింది. లెడ్ నైట్రేటును వేడి చేస్తే నైట్రేటు గుంపు విరిగిపోయి గోధుమరంగు నైట్రోజన్ డైఆక్సైడు పొగ వస్తుంది. గుంపే మిగలనప్పుడు గుంపుగా లెక్కపెట్టడం ఎలా కుదురుతుంది? అక్కడ నైట్రోజన్, ఆక్సిజన్ విడివిడిగా లెక్క వేసి రెండు లెడ్ నైట్రేట్ల నుంచి రెండు లెడ్ ఆక్సైడ్లు, నాలుగు నైట్రోజన్ డైఆక్సైడ్లు, ఒక ఆక్సిజన్ వస్తాయని తేల్చాలి. ఏ పనిముట్టు ఎక్కడ పనిచేయదో కూడా చెప్పే ఉపాధ్యాయులు తక్కువ.

సున్నపురాయి కాలిస్తే సున్నం (కాల్షియం ఆక్సైడు), కార్బన్ డైఆక్సైడు వస్తాయి. సున్నానికి నీరు కలిపితే తడిసున్నం అవుతుంది. గోడకు కొట్టిన ఆ సున్నం గాలిలోని కార్బన్ డైఆక్సైడును పీల్చుకుని తిరిగి కాల్షియం కార్బొనేటు అవుతుంది. ఈ మూడు సమీకరణాలూ రాసినప్పుడే తుల్యంగా ఉన్నాయి. అయినా పిల్లలు ఎక్కడో ఒకచోట ఒక 2 పెట్టకుండా ఉండలేరు, ఎందుకంటే ప్రశ్నలో తుల్యం చేయమని ఉంది. ముందు లెక్కపెట్టండి, తర్వాతే కలం కదపండి అని ఆయన రోజూ చెప్పే మాట మా ఇంట్లో కూడా వినిపించడం మొదలైంది. పదార్థాల స్థితులు రాయడం, బాణం మీద వేడి గుర్తు పెట్టడం వంటివి ఒక పూటలో ముగిస్తారు; వాటికి అంతకంటే ఎక్కువ సమయం అవసరం లేదు.

కాస్త చురుకైన పిల్లలకు బీజగణిత పద్ధతి కూడా చెబుతారు. ఐరన్ పైరైటీసు గాలిలో కాలి ఫెర్రిక్ ఆక్సైడు, సల్ఫర్ డైఆక్సైడు ఇచ్చే చర్యను ఉదాహరణగా తీసుకున్నారు. పైరైటీసులో ఇనుము ఒకటి, సల్ఫర్ రెండు. గుణకాలు తెలియవు కాబట్టి పైరైటీసుకు క, ఆక్సిజన్‌కు ఖ, ఫెర్రిక్ ఆక్సైడుకు గ, సల్ఫర్ డైఆక్సైడుకు ఘ అని పెట్టుకోవాలి. ఇనుము లెక్క: క = 2గ. సల్ఫర్ లెక్క: 2క = ఘ. ఆక్సిజన్ లెక్క: 2ఖ = 3గ + 2ఘ. తెలియనివి నాలుగు, సమీకరణాలు మూడే. అందువల్ల ఒకదానికి మనమే విలువ ఇచ్చుకోవచ్చు, ఎందుకంటే మనకు కావలసింది నిష్పత్తి మాత్రమే. గ విలువ 1 అనుకుంటే క 2 అవుతుంది, ఘ 4 అవుతుంది, 2ఖ 11 అవుతుంది, అంటే ఖ ఐదున్నర. అన్నింటినీ రెండుతో హెచ్చిస్తే 4, 11, 2, 8. గణితం పీరియడులో నేర్చుకున్న సమీకరణాలు కెమిస్ట్రీ పీరియడులో పనికివస్తాయని ఈ పిల్లలకు తెలిసింది ఆ రోజే. మా అమ్మాయికి ప్రయత్నించి చూసే పద్ధతి కంటే ఇదే ఎక్కువ నచ్చింది. పరీక్షలో చిన్న సమీకరణాలకు దీన్ని వాడితే సమయం వృథా అవుతుందని మాస్టారు హెచ్చరించినా, ఇంట్లో మాత్రం అన్నింటికీ ఇదే వాడుతోంది.

ఇప్పుడు లోపాల సంగతి. నాలుగో వారంలో ఆక్సీకరణ సంఖ్యలు, అయాన్-ఎలక్ట్రాన్ పద్ధతి చెబుతామంటారు. దీని ఆరంభం అద్భుతంగా ఉంది. రాగి ముక్కను సిల్వర్ నైట్రేటు ద్రావణంలో వేస్తే రాగి కరిగి వెండి బయటపడుతుంది. ఒక రాగి పరమాణువు, ఒక వెండి అయాను (విద్యుదావేశం ఉన్న పరమాణువు) ఎడమ వైపు. ఒక రాగి అయాను, ఒక వెండి పరమాణువు కుడి వైపు. పరమాణువులు సరిపోయాయి కదా, మరి ఇది తుల్యమేనా అని అడిగితే అందరూ అవునన్నారు. అప్పుడు ఆవేశాలు లెక్కపెట్టించారు: ఎడమ వైపు ఒక ధనావేశం, కుడి వైపు రాగి అయాను మీద రెండు. రాగి రెండు ఎలక్ట్రాన్లు ఇస్తే వెండి ఒక్కటే పుచ్చుకుంటుంది కాబట్టి వెండి అయాన్లు రెండు కావాలి. పరమాణువులతో పాటు ఆవేశం కూడా రెండు వైపులా సమానంగా ఉండాలన్న విషయాన్ని ఇంత సూటిగా చెప్పడం నేను మరెక్కడా వినలేదు.

కానీ ఆ తర్వాత వేగం పెరిగిపోయింది. ఆమ్ల ద్రావణంలో పర్మాంగనేటు అయాను ఎనిమిది హైడ్రోజన్ అయాన్లతో, ఐదు ఎలక్ట్రాన్లతో కలిసి మాంగనీసు అయానుగా, నాలుగు నీటి అణువులుగా మారడం. ఆ ఐదు ఎలక్ట్రాన్లను ఐదు ఫెర్రస్ అయాన్లు సమకూర్చడం. రెండు వైపులా మొత్తం ఆవేశం పదిహేడు ధనావేశాలుగా సరిపోవడం, ఇదంతా ఒకే పూటలో ముగించారు. ఆక్సిజన్ లోటును నీటితో, హైడ్రోజన్ లోటును హైడ్రోజన్ అయాన్లతో ఎందుకు పూడ్చాలో పిల్లలకు అందలేదు. క్షార ద్రావణం గురించి చెప్పనే లేదు. పదో తరగతికి ఇది అవసరం లేని మాట నిజమే, కానీ ప్లస్ టూ చదివే పెద్ద పిల్లలు కూడా ఈ వారం కోసమే వచ్చి కూర్చుంటున్నారు. వారికి న్యాయం జరగడం లేదు. దీన్ని వేరే తరగతిగా పెట్టి పదిహేను రోజులు చెబితే బాగుంటుందని నేను ఆయనతో గౌరవంగానే చెప్పాను. ఆరోగ్యం సహకరిస్తే దసరా సెలవుల్లో చూద్దామన్నారు.

మరికొన్ని చిన్న ఇబ్బందులు ఉన్నాయి. అచ్చు వేసిన నోట్సు ఏదీ ఇవ్వరు, బోర్డు మీద రాసినదంతా పిల్లలే ఎక్కించుకోవాలి. మామూలు పిల్లలకు ఇది మేలే చేస్తుంది, కానీ ఒక పూట మానేసిన పిల్ల ఆ పాఠాన్ని తిరిగి అందుకోవడం కష్టం. వసారా ఇరుకు, ఇరవై మంది దాటితే వెనుకవారికి బోర్డు కింది సగం కనిపించదు. కరెంటు పోతే ఫ్యానుకు ఇన్వర్టరు లేదు, మే నెలలో ఎనిమిది గంటలకే చెమటలు పడతాయి. సైకిళ్లు వీధిలోనే పెట్టుకోవాలి.

ఫోనులో సమీకరణం కొడితే క్షణంలో తుల్యం చేసి చూపించే యాప్‌లు ఉండగా ఈ శ్రమ ఎందుకని ఒక తండ్రి నన్ను అడిగారు. ఆ యాప్‌లు జవాబు సరిచూసుకోవడానికి పనికివస్తాయి, మా ఇంట్లో కూడా అలాగే వాడుతున్నాం. అయితే వాటిలో కొట్టడానికి ముందు ఏ పదార్థాలు ఏర్పడతాయో, వాటి ఫార్ములా ఏమిటో పిల్లకు తెలిసి ఉండాలి. అది తెలియని పిల్లకు యాప్ ఏ సహాయమూ చేయదు, తెలిసిన పిల్లకు మిగిలిన పని ఐదు నిమిషాలే. రాగి, నైట్రిక్ ఆమ్లం ఉదాహరణ చూడండి. గాఢ ఆమ్లమైతే నైట్రోజన్ డైఆక్సైడు వస్తుంది, సజల ఆమ్లమైతే నైట్రిక్ ఆక్సైడు వస్తుంది, రెండు సమీకరణాల్లోనూ అంకెలు పూర్తిగా వేరు. ఏది రాయాలో నిర్ణయించవలసింది మనిషే.

ఎవరిని చేర్పించాలి? తొమ్మిది పూర్తి చేసి పదిలోకి వెళ్తున్న పిల్లలకు, ఏ బోర్డువారైనా సరే, ఈ తరగతి సరిగ్గా సరిపోతుంది. వేలన్సీలు బాగా వచ్చిన, లెక్కల్లో ముందున్న పిల్లలు మొదటి వారంలో కొంత విసుగు చెందవచ్చు. వారిని రెండో వారం నుంచి పంపినా మాస్టారు కాదనరు, రుసుము కూడా ఆ మేరకు తగ్గిస్తారు. పోటీ పరీక్షల కోసం వేగంగా బహుళైచ్ఛిక ప్రశ్నలు చేయించే శిక్షణ కావాలనుకునేవారికి ఇది తగిన చోటు కాదు. ఇక్కడ ఒక్క సమీకరణం మీద అరగంట గడుస్తుంది, ఆయన దానికి ఎప్పుడూ తొందర పడరు. ప్లస్ టూ పిల్లలు ప్రస్తుతానికి వేరే ఏర్పాటు చూసుకోవడం మంచిది.

వచ్చే వేసవి తరగతికి పేర్లు హోలీ తర్వాత రాసుకుంటారు. చోటు తక్కువ కాబట్టి ముందే వెళ్లి మాట్లాడుకోవాలి. పిల్లల వెంట గీతలు లేని పెద్ద నోటుబుక్కు ఒకటి, పెన్సిలు, రబ్బరు, మంచినీళ్ల సీసా పంపితే చాలు. గుండీలు, పళ్లాలు, దారం ఆయనే ఇస్తారు. పాతపట్నం వైపు నుంచి వచ్చే ఆడపిల్లల తల్లిదండ్రులు ముందుగా చెబితే, వారిని ఒకే జట్టుగా వచ్చి వెళ్లేలా ఆ ఇంటి అమ్మగారు దగ్గరుండి చూసుకుంటారు.